‘పీకే లాంటిది ఒకటి’ అని అడిగితే: టీవీ బాబాల మీద కామెడీ, ఒక ఎడిటర్ కేస్ స్టడీ

"అన్నా, పీకే లాంటిది ఒకటి కావాలి. కాకపోతే టీవీ బాబాల మీద."

నిర్మాత ఫోన్లో చెప్పింది ఇంతే. అరగంట కామెడీ, ఓటీటీ వాళ్లకు చూపించడానికి ఒక పైలట్, అంటే నమూనా ఎపిసోడ్. స్క్రిప్టు నేనూ ఇంకో కుర్రాడూ కలిసి రాయాలి, ఎడిటింగ్ నేను చూసుకోవాలి. నన్నే ఎందుకు అడిగారంటే, హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఆరేళ్లు తెల్లవారుజాము స్లాట్లు ఎడిట్ చేశాను. పొద్దున ఐదున్నరకు టీవీ పెడితే ఒక ఛానెల్‌లో ప్రవచనం, ఇంకోదానిలో ప్రార్థన కూటం, మరోదానిలో జాతకం, దాని పక్కనే కుబేర యంత్రం అమ్మకం వస్తుంటాయి కదా. వాటి వెనకాల చీకటి గదిలో టీ తాగుతూ కూర్చునేది నాలాంటి వాళ్లే.

ఆ పైలట్ ఎలా తయారైందో ఇక్కడ రాస్తున్నాను. సగం దాకా పీకే గురించే ఉంటుంది: ఆమిర్ ఖాన్ గ్రహాంతరవాసిగా వచ్చి ఒక బాబాను నిలదీసే హిందీ సినిమా. మా స్క్రిప్టు మొండికేసినప్పుడు మేం చేసిన పని, ఆ సినిమాను మిక్సీ విప్పినట్టు విప్పి టేబుల్ మీద పరుచుకోవడమే.

స్లాట్ సంగతి

ముందు ఈ వ్యాపారం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. స్లాట్ అంటే ఛానెల్ తన అరగంటను అమ్మేయడం. కొన్నవాళ్లు తమ కార్యక్రమాన్ని తామే తయారు చేసుకుని ఇస్తారు. ఛానెల్‌కి అద్దె ముడుతుంది. ఇంటద్దెకు ఇచ్చినవాడు లోపల ఏం వండుతున్నారో అడగనట్టే ఛానెల్ కూడా పెద్దగా అడగదు. కాకపోతే మొదట్లో ఒక కార్డు వేస్తుంది: ఈ కార్యక్రమంలో వ్యక్తమయ్యే అభిప్రాయాలకు ఛానెల్ బాధ్యత వహించదు. ఐదు సెకన్లు ఉంటుంది. నేను పనిచేసిన చోట అది మూడు సెకన్లకు దిగింది, చివరికి అక్షరాలు కూడబలుక్కుని చదివే లోపే మాయమయ్యేది. ఈ కార్డు గుర్తుంచుకోండి.

ఇది మనం కనిపెట్టింది కాదు. అమెరికాలో చాలాకాలం టీవీ స్టేషన్లు పెద్ద చర్చిలకు సమయం ఉచితంగానే ఇచ్చేవి, ప్రజాహితం లెక్కలో చూపించుకోవడానికి. 1960లో అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ, డబ్బు తీసుకుని వేసిన మత కార్యక్రమాన్ని కూడా అదే లెక్కలో చూపించుకోవచ్చు అనే అర్థం వచ్చేలా విధానం ప్రకటించింది. ఉచితంగా ఇచ్చినా, అమ్ముకున్నా లెక్క ఒకటే అయినప్పుడు ఉచితంగా ఎవడిస్తాడు? సమయం కొనగలిగిన బోధకులు తెర మీదికి వచ్చారు, కొనలేని చర్చిలు పక్కకు జరిగాయి. కొన్న సమయానికి డబ్బు ఆ సమయంలోనే రాబట్టాలి. తెర కింద ఫోన్ నంబరు పుట్టింది ఈ అవసరం లోంచే.

మన దేశంలో 2000 ప్రాంతంలో ఆస్థా, సంస్కార్ లాంటి పూర్తి భక్తి ఛానెళ్లు మొదలయ్యాయి. తిరుమల తిరుపతి దేవస్థానం తన ఎస్వీబీసీని 2008లో ప్రారంభించింది. అది సంస్థ సొంత ఛానెల్, దాని పద్ధతి వేరు. నేను మాట్లాడుతున్నది వార్తల ఛానెల్, సినిమా ఛానెల్ తెల్లవారుజామున అద్దెకిచ్చే అరగంటల గురించి.

మొదటి డ్రాఫ్ట్ ఎందుకు పోయింది

మొదటి డ్రాఫ్ట్‌లో బాబాకు బంగారు ఉయ్యాల పెట్టాం. తామరపువ్వు లోంచి మైకు పైకి లేస్తుంది. కష్టం చెప్పుకున్నవాళ్లకు పకోడీలు తినమని సలహా ఇస్తాడు. రాస్తున్నప్పుడు మేమిద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. (రాసేవాళ్లు తెగ నవ్వుకుంటున్నారంటే అనుమానించాలని నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.)

పాత స్టూడియోలో కంట్రోల్ రూమ్ చూసిన ఒకాయనకు స్క్రిప్టు ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని మొత్తం చదివి, "ఇందులో కామెడీ ఎక్కడుందయ్యా? మనం రోజూ చేసినదానికంటే తక్కువే ఉంది కదా" అన్నారు.

అక్కడ పట్టుకున్నాం అసలు రోగాన్ని. మామూలు వ్యంగ్యానికి సూత్రం ఉన్నదాన్ని పెంచడం. టీవీ మతం దగ్గర ఆ సూత్రం పనిచేయదు, ఎందుకంటే నిజమే మనకంటే నాలుగడుగులు ముందుంటుంది. 2012 ప్రాంతంలో నిర్మల్ బాబా కార్యక్రమం ఎన్నో వార్తా ఛానెళ్లలో కొన్న సమయంలోనే వచ్చేది. కష్టం చెప్పుకున్నవాళ్లకు సమోసా, పచ్చ చట్నీ లాంటి సలహాలు వినిపించేవి. మా పకోడీ ఆ సమోసా ముందు ఎక్కడ నిలబడుతుంది?

ఇంకా వెనక్కి వెళ్తే, 1987 జనవరిలో అమెరికా టీవీ బోధకుడు ఓరల్ రాబర్ట్స్ మార్చి లోపు 80 లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనను పైకి పిలిపించుకుంటాడని ప్రకటించాడు. ఫ్లోరిడాలో కుక్కల పందేల ట్రాక్ ఉన్న ఒకాయన చివర్లో 13 లక్షలు ఇచ్చి ఆ లెక్క పూర్తి చేయించాడు. దీన్ని నేను స్క్రిప్టులో రాస్తే, "మరీ అతిగా ఉంది అన్నా, తగ్గించు" అనేవాడు మా నిర్మాత.

అతి చేసి దెబ్బతిన్న సినిమా ఒకటి ఉంది. 1980లో హాస్యనటుడు మార్టీ ఫెల్డ్‌మన్ మరొకరితో కలిసి రాసి, తానే తీసి, నటించిన ‘ఇన్ గాడ్ వి ట్రస్ట్’. తాకట్టులో ఉన్న మఠం కోసం 5,000 డాలర్లు తేవడానికి ఒక అమాయక సన్యాసి లాస్ ఏంజెలెస్ వెళ్తాడు. అక్కడ ఆండీ కాఫ్‌మన్ ఆర్మగెడ్డాన్ టి. థండర్‌బర్డ్ అనే టీవీ బోధకుడిగా, రిచర్డ్ ప్రయర్ దేవుడనే పేరున్న కంప్యూటర్‌గా కనిపిస్తారు. నటులంతా గట్టివాళ్లే, అయినా సినిమా ఆడలేదు. బోధకుడి పేరులోనే పిడుగులూ ప్రళయమూ పెట్టేశాక ఆయన చేయడానికి ఇంకేం మిగలదని ఒక ఎడిటర్‌గా నాకు అనిపించింది. ఆ పాత్ర తెర మీదికి వచ్చిన క్షణంలోనే పూర్తయిపోయింది.

పీకేని విప్పితే

రాజ్‌కుమార్ హిరాణీ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ చదివినవాడు, తన సినిమాలు తానే ఎడిట్ చేసుకుంటాడు. 2014 డిసెంబర్ 19న విడుదలైన పీకే కూడా ఆయన చేతి ఎడిటింగే. దాని మీద నాకున్న గౌరవంలో సగం అందుకే. నాలుగు రోజులు పాజ్ బటన్ మీద వేలు పెట్టి చూశాం. కుర్రాడు నోట్స్ రాశాడు, నేను తిట్టుకుంటూ మెచ్చుకున్నాను.

మొదట గమనించింది, ఈ సినిమాలో బాబా కథలోకి వచ్చేదే తెర మీదుగా అని. బెల్జియంలోని బ్రూజ్‌లో చదువుకుంటున్న జగ్గు సర్ఫరాజ్ అనే పాకిస్తానీ కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. వాడు నిన్ను మోసం చేస్తాడు అనే బాబా తపస్వీ మహారాజ్ జోస్యం ఆమెకు చేరేది వీడియో కాల్‌లోనే. ఆ ఒక్క తెర మీది మాట కథనంతా నడిపిస్తుంది. సౌరభ్ శుక్లా ఆ పాత్రను ఎంత తగ్గించి చేశాడో చూడండి. ఉరుముల్లేవు, మెరుపుల్లేవు. పెళ్లి సంబంధాలు కుదిర్చే దూరపు బంధువులా మాట్లాడతాడు. మా బంగారు ఉయ్యాల ఆ రోజే అటక ఎక్కింది.

రెండోది చెర్రీ బజ్వా. బొమన్ ఇరానీ చేసిన ఛానెల్ పెద్ద. ఒకప్పుడు తపస్వీకి వ్యతిరేకంగా వార్త వేసినందుకు భక్తులు వచ్చి ఆయన పిరుదుల్లో త్రిశూలం దింపారు. అప్పటినుంచి మతం జోలికి వెళ్లడు. ఫలితంగా ఆయన రిపోర్టర్ జగ్గు డిప్రెషన్‌లో ఉన్న కుక్క గురించి వార్త చేస్తుంటుంది. ఒక్క మచ్చ, ఒక్క కుక్క. మతం గురించి వార్తల ఛానెళ్లు ఎందుకు నోరెత్తవో రెండు జోకుల్లో అయిపోయింది. దీన్ని మేం డైలాగుల్లో చెప్పబోయి మూడు పేజీలు నింపాం.

మూడోది కాలేజీ ముందు రాయి. సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సీను. పరీక్షల రోజున ఒక కాలేజీ ఆవరణలో మామూలు రాయిని నిలబెట్టి, దానికి ఎర్రరంగు పూసి, ముందు కొన్ని నాణేలు పెడతాడు పీకే. అంతే. విద్యార్థులు వరసగా వచ్చి దండం పెట్టి డబ్బులు వేస్తుంటారు. పక్కనే టీ అమ్ముకునేవాడు పెట్టుబడి పెట్టాలి, పిలవాలి, కప్పులు కడగాలి. ఇక్కడ అవేవీ అక్కర్లేదు.

ఎడిటర్‌గా చెప్తున్నాను, ఈ సీను నిలబడింది ఒకే కారణంతో: ఆ విద్యార్థుల ముఖాలను వెటకారంగా చూపించలేదు. వాళ్లది పరీక్ష టెన్షన్. మనందరికీ తెలిసిన టెన్షన్. హాల్ టికెట్టు దేవుడి పటం దగ్గర పెట్టి తీసుకోని ఇల్లు మన దగ్గర ఎన్ని ఉంటాయి? నవ్వు వాళ్ల మీద పడదు, నాణేల మీద పడుతుంది. మాకు లేని తెలివి అదే అని కుర్రాడి నోట్స్‌లో ఎర్ర పెన్నుతో రాయించాను. మా డ్రాఫ్ట్‌లో ఫోన్ చేసిన ప్రతి భక్తుడూ తెలివితక్కువవాడే.

‘రాంగ్ నంబర్’ కూడా ఆ కోవలోదే. మీరు దేవుడికే ఫోన్ చేశారు, మధ్యలో లైను ఎవడికో కలిసింది, వాడు మీతో ఆడుకుంటున్నాడు అంటాడు పీకే. నమ్మేవాడి తప్పేం లేదు, డయల్ చేసింది సరైన నంబరే. తప్పంతా ఎక్స్ఛేంజీలో ఉంది. ఒక్క మాటతో కోట్లమంది భక్తుల్ని తన వైపు ఉంచుకుని బాబాను ఒంటరి చేశారు రచయితలు. ఆ సినిమా దేశంలో 300 కోట్లకు పైగా నికర వసూళ్లు తెచ్చుకుందంటే ఆ టికెట్లు కొన్నవాళ్లు నాస్తికులు కారు కదా.

ఎక్కడ జారిందంటే

ఇప్పుడు తిట్టుకున్న భాగం. జగ్గు ఛానెల్ పీకే ‘రాంగ్ నంబర్’ మాటను ప్రసారం చేస్తుంది, జనం తమ వీడియోలు పంపుతారు, ఊరంతా అదే మాట. అంటే నిన్నటిదాకా కుక్క వార్తలు వేసిన ఛానెల్ ఉన్నట్టుండి సత్యహరిశ్చంద్రుడి వారసురాలైంది. టీఆర్పీ కోసమే కదా చెర్రీ ఒప్పుకున్నది అని సినిమా ఒక కన్ను కొడుతుంది గానీ, ఆ తర్వాత ఆ విషయం మరిచిపోతుంది. బాబాను టీవీ పెంచిన సంగతి సినిమాలో లేదు. బాబాను టీవీ కూల్చిన సంగతే ఉంది. ఆరేళ్లు స్లాట్లు ఎడిట్ చేసిన వాడిగా నాకు అక్కడ గొంతులో ముల్లు గుచ్చుకుంది.

క్లైమాక్స్ లైవ్ చర్చ. పీకే, తపస్వీ ఎదురెదురుగా. మనల్ని చేసిన దేవుడు ఒకడు, మీరు తయారు చేసిన దేవుడు ఇంకొకడు అనే వాదన దాకా బ్రహ్మాండంగా వెళ్తుంది. ఆ తర్వాత ముడి విడిపోయేది మాత్రం ఆ వాదనతో కాదు. సర్ఫరాజ్ తనను వదిలేశాడని జగ్గు నమ్మడానికి కారణమైన, బ్రూజ్‌లో అందిన ఉత్తరం అసలు ఆమెకు రాసింది కాదని, సర్ఫరాజ్ మోసం చేయలేదని తేలుతుంది. సర్ఫరాజ్ పనిచేసిన పాకిస్తాన్ ఎంబసీకి ఫోన్ వెళ్తుంది, హాల్లో అందరికీ కన్నీళ్లు. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏడ్చాను, దాచేదేముంది. పాజ్ నొక్కి చూస్తే అర్థమైంది: బాబా ఓడింది ఒక జోస్యం తప్పినందుకు. అదే నిజమై ఉంటే? సర్ఫరాజ్ నిజంగానే మోసగాడై ఉంటే తపస్వీ వ్యాపారం న్యాయమైపోతుందా? ప్రేమకథ కన్నీళ్లు ఆ ప్రశ్నను కడిగేశాయి. హాస్యం అక్కర్లేని చోట మెలోడ్రామా పనికొస్తుంది, హిరాణీకి ఆ లెక్క తెలుసు. నేనైతే ఆ కట్ వేసేవాణ్ణి కాదేమో. నా సినిమా 300 కోట్లు చేసేదీ కాదు.

ఇంకో చిక్కు. లైవ్‌లో బండారం బయటపడితే బాబా కథ ముగిసినట్టే అని ఆ సినిమా నమ్ముతుంది. 1986లో అమెరికాలో ఇదే నిజంగా జరిగింది. పీటర్ పొపాఫ్ అనే బోధకుడు సభలో ముక్కూముఖం తెలియనివాళ్ల పేర్లు, రోగాలు చెప్పి ఆశ్చర్యపరిచేవాడు. మాంత్రికుడు, హేతువాది జేమ్స్ రాండీ బృందం రేడియో స్కానర్ పట్టుకుని కూర్చుంటే 39.17 మెగాహెర్ట్జ్ మీద పొపాఫ్ భార్య గొంతు దొరికింది. జనం ముందే నింపి ఇచ్చిన ప్రార్థన చీటీలను ఆమె చదువుతుంటే ఆయన చెవిలోని చిన్న స్పీకర్‌లో వినిపించేది. ఆ టేపును జానీ కార్సన్ షోలో దేశమంతా చూసింది. మరుసటి సంవత్సరం పొపాఫ్ దివాలా ప్రకటించాడు. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కానీ కొన్నేళ్ల తర్వాత అదే మనిషి మళ్లీ కొన్న టీవీ సమయంలోనే ‘అద్భుత జలం’ పొట్లాలు పంపుతూ తిరిగొచ్చాడు.

ఈ ఒక్క సంగతి మా ఎపిసోడ్ ముగింపును మార్చేసింది. దాని దగ్గరికి వస్తాను.

మధ్యలో ఓ పక్క మాట. పీకే వచ్చిన మూడు వారాలకే, 2015 జనవరి 10న, తెలుగులో ‘గోపాల గోపాల’ వచ్చింది. హిందీ ‘ఓ మై గాడ్’కి రీమేక్. రెండింటిలోనూ స్వామీజీగా మిథున్ చక్రవర్తే. అక్కడ దేవుడి పేరు మీది వ్యాపారాన్ని కోర్టు బోనెక్కించారు, పీకేలో టీవీ స్టూడియోకి ఎక్కించారు. కోర్టు సీన్లో జడ్జి ఉంటాడు, ఎవరో ఒకరు తీర్పు చెప్తారు. టీవీ స్టూడియోలో తీర్పు చెప్పేది ఎవరు? యాంకరా, ఎస్సెమ్మెస్సా? పీకే ముగింపు తడబాటుకి సగం కారణం ఈ వేదిక ఎంపికే అని నా అనుమానం.

బయట జరిగింది

సినిమా వచ్చాక కొన్ని సంస్థలు ఆందోళనకు దిగాయి, అహ్మదాబాద్‌తో పాటు కొన్ని చోట్ల థియేటర్ల మీద దాడులు జరిగాయి. అప్పటి సెన్సార్ బోర్డు అధ్యక్షురాలు లీలా శామ్సన్ సర్టిఫికెట్ ఇచ్చిన సినిమా నుంచి సీన్లు తీయించేది లేదన్నారు. ఉత్తరప్రదేశ్, బిహార్ ప్రభుత్వాలు వినోదపు పన్ను మినహాయించాయి. 2015 జనవరిలో ఢిల్లీ హైకోర్టు సినిమాకు వ్యతిరేకంగా వేసిన పిటిషన్‌ను కొట్టేసింది.

అసలు వ్యంగ్యం అదే నెలలో జరిగింది. డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ తానే దేవదూతగా నటించిన ‘ఎంఎస్‌జీ’కి బోర్డు సర్టిఫికెట్ నిరాకరిస్తే, బోర్డు నిర్ణయాల మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ అనుమతి ఇచ్చింది. లీలా శామ్సన్ రాజీనామా చేశారు. బాబాల మీద సినిమాకు నిలబడిన బోర్డు పెద్ద, నెల తిరక్కుండానే బాబా సొంత సినిమా దగ్గర కుర్చీ వదిలారు. దీన్ని కల్పించి రాస్తే ఎవరూ నమ్మరు. మా కుర్రాడు ఇదే స్క్రిప్టులో పెడదామన్నాడు, వద్దన్నాను. అరగంటలో ఎన్ని దోసెలు పోస్తాం?

రెండో డ్రాఫ్ట్

బాబాను మధ్యలోంచి తీసి పక్కన కూర్చోబెట్టాం. కథానాయకుడు ఇప్పుడు కంట్రోల్ రూమ్‌లో స్క్రోలింగ్ వేసే కుర్రాడు. కొత్తగా చేరాడు, చేయాల్సిందల్లా తెర కింద ఫోన్ నంబరు నడిపించడం. మొదటిరోజే ఒక అంకె తప్పు కొడతాడు. ఫోన్లన్నీ వరంగల్‌లో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారి ఇంటికి వెళ్తాయి. ఆయన ముందు విసుక్కుంటాడు, తర్వాత జవాబులు చెప్పడం మొదలుపెడతాడు. కూతురి పెళ్లి కుదరడం లేదంటే కూతుర్ని అడిగావా అంటాడు. అప్పు తీరడం లేదంటే వడ్డీ లెక్క కట్టి చూపిస్తాడు. బాబా కార్యక్రమానికి రేటింగు పెరుగుతుంది.

అవును, ‘రాంగ్ నంబర్’ మాటను తిరగేశాం. పీకేలో రాంగ్ నంబర్ తగిలితే మోసపోతారు. ఇక్కడ రాంగ్ నంబర్ తగిలినవాళ్లే బాగుపడతారు. అప్పు తీసుకున్నప్పుడు తీసుకున్నానని చెప్పడం మంచిది.

వివరాలన్నీ నా ఆరేళ్ల సరుకే. ఫోన్ కలిసిన వెంటనే యాంకర్ అనే మొదటి మాట "అమ్మా, మీ టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి". రికార్డు చేసిన కార్యక్రమం మీద కూర్చునే లైవ్ అనే ఎర్ర గుర్తు. ఫోన్లు రాకపోతే పక్క గదిలోంచి ఆఫీస్ బాయ్ భార్యాబాధితుడి గొంతుతో మాట్లాడటం. బాబా చెవిలో టాక్‌బ్యాక్: వార్తలు చదివేవాళ్లకు ప్రొడ్యూసర్ మాట వినిపించే అదే పరికరం. పొపాఫ్ కథ చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు, మా స్టూడియోలో ఏసీ శబ్దానికి టాక్‌బ్యాక్ సరిగా వినపడక ఒక స్వామివారు రాజమండ్రి అన్నదాన్ని రాజేశ్వరి అని విని, లేని కూతుర్ని ఆశీర్వదించిన రోజు గుర్తొచ్చింది. ఆ సీను అలాగే ఉంది ఎపిసోడ్‌లో. అక్షరం పెంచలేదు. నిజమే మనకంటే ముందుంటుందన్న చిక్కుకు మాకు దొరికిన దారి ఇదే: పెంచొద్దు, తగ్గించు. నిజాన్ని గది మూల నుంచి, పని చేసుకునేవాడి కళ్లతో చూపించు.

ముగింపులో బాబా లైవ్‌లో దొరికిపోతాడు. మాస్టారు స్టూడియోకి వచ్చేస్తాడు, రచ్చ జరుగుతుంది. తెల్లారి ఐదున్నర. అదే సెట్టు, అదే యాంకర్, అదే కుర్చీ. కొత్త బాబా. స్క్రోలింగ్ కుర్రాణ్ణి యాంకర్ అడుగుతుంది, "నంబర్ అదేనా?" స్లాట్ ఖాళీగా ఉండదు కదా. నిర్మాత ఇక్కడ గొడవ పెట్టుకున్నాడు: "పీకేలా చివర్లో ఏడిపించాలి అన్నా." రెండు వారాలు మాటల్లేవు మా మధ్య. చివరికి ఎడిట్ చూశాక ఒప్పుకున్నాడు, పూర్తిగా కాదు.

చూపించినప్పుడు

రఫ్ కట్‌ను యూసుఫ్‌గూడలో ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో పన్నెండు మందికి చూపించాం. నేను మా పెద్దమ్మను కూడా పిలిచాను. ఆవిడ రోజూ ఐదింటికే లేచి టీవీ పెట్టే మనిషి. టీవీ సౌండ్ తగ్గించండి అన్న దగ్గర అందరికంటే ముందు నవ్వింది ఆవిడే. యంత్రం అమ్మే సీన్లో మాత్రం కొనే ముసలావిడ ముఖం మీద నేను పెట్టిన క్లోజప్ దగ్గర పెద్దమ్మ నవ్వలేదు. గది అంతా నవ్వింది, ఆవిడ కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది.

వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర చెప్పింది: "నేనూ తెప్పించాన్రా ఒకటి. మీ పెదనాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు."

నాకు తెలియదు. పెదనాన్న పోయి చాలా ఏళ్లైంది, ఆ యంత్రం ఇంట్లో ఎక్కడుందో నేనెప్పుడూ చూడలేదు. కాలేజీ రాయి సీన్లో హిరాణీ చేయని తప్పును, ఎర్ర పెన్నుతో రాయించుకుని మరీ నేను చేశాను. ఆ రాత్రే క్లోజప్ తీసేసి, దాని స్థానంలో ప్యాకింగ్ గదిలో డబ్బాల మీద ధరల స్టిక్కర్లు మార్చే చేతుల్ని పెట్టాను. నవ్వు తగ్గలేదు, కొద్దిగా పెరిగింది కూడా.

చివరి మెట్టు లాయరు. ఓటీటీకి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, 2021 ఐటీ నిబంధనల కింద వయసు రేటింగు, ఫిర్యాదుల పద్ధతి ఉంటే చాలు. ఆవిడ జాగ్రత్తపడింది భారతీయ న్యాయ సంహిత 299 గురించి, పాత 295ఎ అన్నమాట: ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో మతభావాలను అవమానించడం. మేం ఏ మతం గుర్తూ వెక్కిరించలేదు, బాబా నోట మంత్రం పెట్టలేదు, అన్నీ ఫోన్లూ ధరలే అని వివరించాం. మాటల్లో ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. కేబుల్ టీవీ నిబంధనల్లో మూఢనమ్మకాన్ని ప్రోత్సహించే కార్యక్రమం వేయకూడదని 1994 నుంచీ ఉంది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, అతీతశక్తులున్నాయంటూ టీవీలో యంత్రాలు అమ్మే ప్రకటనలు మహారాష్ట్ర మూఢనమ్మకాల వ్యతిరేక చట్టం ప్రకారం చెల్లవని తేల్చింది. నేను స్లాట్లు ఎడిట్ చేసిన ఆరేళ్లూ ఆ 1994 నిబంధన అమల్లోనే ఉందన్నమాట. ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

చివరికి ఆవిడ ఒక షరతు పెట్టింది: మొదట్లో డిస్‌క్లైమర్ కార్డు వేయాలి. సరేనన్నాను. పాత హార్డ్‌డిస్క్ వెతికి స్టూడియోలో మేం వాడిన కార్డునే తీశాను. అదే నీలం నేపథ్యం, అవే అక్షరాలు, ఛానెల్ అన్న చోట నిర్మాతలు అని మార్చాను. మూడు సెకన్లు పెట్టాను. రెండోసారి వేరే జనానికి చూపించినప్పుడు, సినిమా ఇంకా మొదలు కాకముందే, ఆ కార్డు దగ్గరే హాలు మొత్తం నవ్వేసింది.